మంచుపై జంట నాట్యం: మన ఊరికి ఎందుకంత దూరం?

శీతాకాల ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా తిరుపతిలో పిల్లలకు స్కేటింగ్ నేర్పిస్తున్న తల్లిదండ్రుల నోట ఒక ప్రశ్న వస్తుంది. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు ఇది. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలూ ఉన్నారు, సాయంత్రం పూట సిమెంటు నేల మీద చక్రాల స్కేట్లతో సాధన చేసే పిల్లలూ ఉన్నారు. మరి ఈ రెండూ కలిసే ఐస్ డాన్స్‌లో, అంటే మంచు మీద స్కేట్లతో జంటగా చేసే నాట్యంలో, మనవాళ్లు ఎందుకు లేరు? ఒలింపిక్స్ ఐస్ డాన్స్‌లో భారత జంట ఇంతవరకూ బరిలోకి దిగలేదు. దీనికి ప్రతిభ లేకపోవడమే కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఐస్ డాన్సర్ జీవితాన్ని మొదటినుంచీ నాట్యంతో సంబంధం లేని విషయాలే శాసిస్తూ వచ్చాయని ఈ ఆట చరిత్ర చెబుతోంది.

ఐస్ డాన్స్‌కు ప్రపంచ పోటీల్లో అధికారిక హోదా 1952లో దక్కింది. మొదటి నాలుగేళ్లూ బ్రిటన్‌కు చెందిన జీన్ వెస్ట్‌వుడ్, లారెన్స్ డెమ్మీ జంటే విజేతగా నిలిచింది. ఒలింపిక్స్‌లో చోటు కోసం మాత్రం 1976 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది ఇన్స్‌బ్రుక్‌లో సోవియట్ జంట లుద్మిలా పఖోమోవా, అలెగ్జాండర్ గోర్ష్‌కోవ్ తొలి స్వర్ణం గెలిచారు. మంచు మీద జంటగానే ఆడే మరో ఆట పెయిర్ స్కేటింగ్‌లో మాదిరిగా భాగస్వామిని తల పైకెత్తి నిలపడం, గాలిలోకి విసరడం ఇందులో కుదరదు. లయ, పాదాల పనితనం, ఇద్దరూ ఒకరినొకరు వీడకుండా కదిలే తీరు, వీటికే మార్కులు. స్కేటు కింది ఉక్కు పట్టీని దగ్గరగా చూస్తే ఈ ఆట మర్మం అర్థమవుతుంది. సుమారు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ పట్టీ మధ్యలో సన్నని గాడి ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు అంచులు. బరువు లోపలి అంచు మీద వేస్తే ఒక వంపు, బయటి అంచు మీద వేస్తే మరో వంపు. రెండు అంచులూ ఒకేసారి మంచుకు తగిలాయంటే అడుగు చదునుగా పడినట్టే, న్యాయనిర్ణేత కన్ను వెంటనే దాన్ని పట్టేస్తుంది. ఇద్దరూ దగ్గరగా ఉంటూ అడుగులు మార్చుకునేటప్పుడు ఒకరి పట్టీ మరొకరికి తగలకుండా ఐస్ డాన్సర్లు మడమ వైపు పొట్టిగా ఉండే పట్టీని వాడతారు.

ఈ ఆటను ప్రపంచమంతా గుర్తుపెట్టుకునేలా చేసినది 1984 సరయెవో ఒలింపిక్స్. బ్రిటన్ జంట జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్ ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ సంగీతం 'బొలెరో'కు చేసిన నాట్యానికి కళాత్మకత విభాగంలో తొమ్మిది మంది న్యాయనిర్ణేతలూ గరిష్ఠమైన 6.0 వేశారు. అయితే ఆ స్వర్ణం వెనుక మనం తెలుసుకోవలసిన సంగతి వేరే ఉంది. టార్విల్ బీమా సంస్థలో గుమాస్తా, డీన్ పోలీసు. ఉద్యోగాలు వదిలి పూర్తికాలం సాధన చేయగలిగారంటే నాటింగ్‌హామ్ నగర పాలక సంస్థ ఇచ్చిన ఆర్థిక సాయం వల్లనే. ఒక నగరం తన ఊరివాళ్లయిన ఇద్దరు మామూలు ఉద్యోగస్థులను నమ్మి ఖజానా తెరిచిన వైనం ఇది. ఆ తర్వాత డబ్బు తీసుకుని చేసే వృత్తి ప్రదర్శనల వైపు వెళ్లినందుకు నాటి నిబంధనల ప్రకారం వారికి ఒలింపిక్స్ తలుపులు మూసుకుపోయాయి. నిబంధన సడలించాక 1994లో తిరిగొచ్చి కాంస్యం గెలిచారు.

2002 సాల్ట్‌లేక్ సిటీ పెయిర్స్ పోటీలో తీర్పుపై చెలరేగిన వివాదంతో 6.0 పద్ధతికి కాలం చెల్లింది. 2004 నుంచి ప్రతి అంశానికీ విడివిడిగా విలువ కట్టే పద్ధతి వచ్చింది.

తిరుపతి నాట్య విద్యార్థులు తప్పక చూడవలసినది 2010 వాంకూవర్ పోటీ. ఆ సీజన్‌లో ఒక విభాగానికి జానపద నృత్యం ఇతివృత్తం. అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ హిందీ సినిమా పాటలను ఎంచుకుని, భారతీయ నృత్యం నేర్పే గురువు దగ్గర హస్తాలు, మెడ కదలికలు, చూపు అభ్యసించి మరీ మంచు మీదికి వచ్చారు. అదే విభాగంలో ఆస్ట్రేలియా ఆదివాసుల నృత్యమంటూ రష్యా జంట చేసిన ప్రదర్శనను ఆ ఆదివాసీ నాయకులే తప్పుపట్టారు. ఒక సంప్రదాయాన్ని గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవడానికీ, వేషంగా తగిలించుకోవడానికీ ఉన్న తేడా ఆ వేదిక మీద స్పష్టంగా కనబడింది. డేవిస్, వైట్ అప్పుడు రజతం, 2014లో స్వర్ణం గెలిచారు. మన అభినయానికి మంచు మీద చోటుందని రుజువైంది, కానీ రుజువు చేసినవారు మనవాళ్లు కాదు.

జోడీ దొరకడం మరో పెద్ద గండం. ఈ ఆటలోకి అమ్మాయిలు వచ్చినంతగా అబ్బాయిలు రారు. అందుకే అన్నాచెల్లెళ్ల జంటలు తరచూ కనిపిస్తాయి. 1992లో రజతం గెలిచిన ఇసబెల్, పాల్ డుషనే, 2018లో కాంస్యం గెలిచిన మాయా, అలెక్స్ షిబుటానీ అలాంటివారే. కెనడాకు చెందిన టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్ 1997లో, ఇంకా పదేళ్లు నిండకముందే జతకట్టారు. కాళ్ల నొప్పికి వర్చూ 2008లోనూ 2010లోనూ శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. అయినా 2010, 2018 స్వర్ణాలు వారివే. 2019లో ఆట నుంచి తప్పుకునేసరికి వారి జీవితంలో రెండు దశాబ్దాలకు పైగా ఒకే జోడీగా గడిచిపోయాయి. పదేళ్ల వయసుకు సాధన మొదలే కాని పిల్లలకు ఈ దారి ఎంత ఇరుకైపోతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక మంచు సంగతి. సిమ్లాలో 1920లో మొదలైన మంచు స్కేటింగ్ మైదానం (రింక్) చలిని నమ్ముకుని శీతాకాలంలో మాత్రమే నడుస్తుంది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన కృత్రిమ మంచు రింక్ నిర్వహణ భారంతో ఏళ్ల తరబడి మూతపడి, 2025లో గానీ తిరిగి తెరుచుకోలేదు. హిమాలయాల పాదాల దగ్గరే ఇలా ఉంటే, మే నెలలో నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పున్న మంచును ఏడాది పొడవునా నిలబెట్టడం ఎంత ఖర్చుతో కూడిన పనో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పటికి మనకు అందుబాటులో ఉన్నది చక్రాల దారి. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనూ జంట నాట్యం ఉంది, అంచుల మీద బరువు మార్చే విద్య అక్కడా అవసరమే. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లోనూ, అవనీ పాంచాల్‌తో కలిసి పెయిర్స్‌లోనూ కాంస్యాలు తెచ్చాడు. ఆ ఆట ఒలింపిక్స్‌లో లేదు గనుక ఆ పతకాలకు రావలసినంత పేరు రాలేదు.

అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడిన చిత్తూరు, తిరుపతి కుటుంబాల పిల్లలకు రింక్ దొరుకుతుంది. వారికి ఎదురయ్యేది పాస్‌పోర్టు. ప్రపంచ పోటీలకు జంటలో ఒకరికి ఆ దేశ పౌరసత్వం ఉంటే సరిపోతుంది, ఒలింపిక్స్‌కు మాత్రం ఇద్దరికీ ఉండాలి. కెనడాలో పుట్టిన టనిత్ బెల్బిన్‌కు అమెరికా పౌరసత్వం 2005 డిసెంబరు చివర్లో, అదీ అక్కడి చట్టసభ ప్రత్యేకంగా కల్పించుకుంటే వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే ఆమె బెన్ అగోస్టోతో కలిసి 2006 టురిన్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. మన చట్టం రెండు పౌరసత్వాలను అనుమతించదు. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నంత మాత్రాన దేశం తరఫున ఆడే వీలు లేదని కేంద్ర క్రీడా శాఖ 2008లోనే తేల్చింది. అమెరికాలో పుట్టిన తారా ప్రసాద్ భారత పౌరసత్వం తీసుకున్నాకే సింగిల్స్‌లో మన దేశం తరఫున ఆడుతోంది. ఒంటరిగా ఆడేవారికి ఇది ఒక కుటుంబం తీసుకునే నిర్ణయం. ఐస్ డాన్స్‌లో అయితే ఇదే నిర్ణయం రెండు ఇళ్లలో, ఇద్దరు పిల్లల విషయంలో, ఒకే సమయానికి జరగాలి.