మగ్గాలు కొండ దిగాక: హెప్టన్‌స్టాల్ ఊరి వెనకటి కథ

ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో, వెస్ట్ యార్క్‌షైర్‌లో, హెప్టన్‌స్టాల్ అనే కొండమీది ఊరు ఉంది. కింద లోయలో హెబ్డెన్ బ్రిడ్జ్ అనే చిన్న పట్నం. అక్కడ 1510 ప్రాంతంలో కట్టిన రాతి వంతెన దాటగానే బట్రెస్ అనే రాళ్లు పరిచిన బాట మొదలవుతుంది. ఒకప్పుడు బరువులు మోసే గుర్రాలు నడిచిన బాట అది. ఎంత నిటారుగా ఉంటుందంటే, అలవాటు లేనివాళ్లు మధ్యలో రెండు మూడుసార్లు ఆగాల్సిందే. పైకి చేరితే నల్లబడిన రాతి ఇళ్లు, ఒక కారు కష్టం మీద పట్టే వీధి, ఒకే ఆవరణలో రెండు చర్చిలు కనిపిస్తాయి. వాటిలో ఒకదానికి పైకప్పు లేదు.

చూసి వెళ్లినవాళ్లు దీన్ని ‘కాలం ఆగిపోయిన ఊరు’ అంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. కాలం ఊరికే ఆగదు. ఇక్కడి బతుకుతెరువు కొండ దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే డబ్బు ఊళ్లో మిగల్లేదు. ఇవాళ అందరూ ఫొటోలు తీసుకునే అందానికి మూలం అదే.

అసలు కొండమీదే ఊరెందుకు కట్టారు? అప్పట్లో లోయ అడుగంతా చిత్తడి నేల, దట్టమైన చెట్లు. బండి కాదు కదా, గుర్రం కూడా సాఫీగా నడిచే వీలుండేది కాదు. లోయకీ, పైనున్న గడ్డిబీళ్లకీ మధ్య కొండ వాలులో మెట్టులాంటి చదును ఒకటి ఉంది. నీరు నిలవని చోటు కాబట్టి ఊళ్లూ బాటలూ దాని మీదే వెలిశాయి. నేల మాత్రం సారం లేనిది. ఓట్స్ అనే ధాన్యం తప్ప పెద్దగా ఏదీ పండదు. నాలుగు గొర్రెలు, ఒక ఆవు, చారెడు పొలంతో కుటుంబం గడవదు కాబట్టి ఇంట్లోకి మగ్గం వచ్చింది.

ఈ సంగతి 1555లో ఇంగ్లండ్ పార్లమెంటు చేసిన ఒక చట్టంలోనే ఉంది. ఉన్ని కొని మళ్లీ అమ్మే దళారులను అప్పటికే కట్టడి చేశారు. దగ్గర్లోని హాలిఫాక్స్ పట్నం చుట్టుపక్కల ప్రాంతానికి మాత్రం ఆ చట్టంతో మినహాయింపు ఇచ్చారు. హెప్టన్‌స్టాల్ ఆ పెద్ద పారిష్‌లో, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో, భాగమే. కారణం కూడా చట్టంలోనే చెప్పారు. ఇక్కడి జనం బీదవాళ్లు, గుర్రం కొనే స్తోమత లేదు. హాలిఫాక్స్ వెళ్లి ఎవరి శక్తి కొద్దీ వాళ్లు ఒక స్టోన్, రెండు, మూడు, నాలుగు స్టోన్ల ఉన్ని కొంటారు. నెత్తినా వీపునా పెట్టుకుని ఆరేసి మైళ్ల దాకా నడిచి ఇంటికి చేరతారు. ఒక స్టోన్ అంటే ఆరు కిలోల పైమాట. వడికి, నేసి, అమ్మి, ఆ డబ్బుతో మళ్లీ ఉన్ని కొంటారు. దళారి లేకపోతే ఇంత కొంచెం ఉన్ని వాళ్లకు ఎవరమ్ముతారు? గడిచిన నలభై ఏళ్లలో ఈ బంజరు నేలల్లో 500కు పైగా కొత్త కుటుంబాలు వెలిశాయని కూడా ఆ చట్టం చెబుతుంది. పంట పండని చోట అన్ని కొత్త పొయ్యిలు వెలిగించింది మగ్గమే.

ఆ ఇళ్ల దగ్గరికి వెళ్లి పై అంతస్తు చూడండి. సన్నని రాతి కమ్ములతో విడదీసిన కిటికీలు వరసగా, ఒకదాని పక్కన ఒకటి, గోడ పొడవునా ఉంటాయి. అవి సోకు కోసం పెట్టినవి కావు. ఈ కొండల్లో మబ్బూ మంచూ ఎక్కువ. తెగిన పడుగు పోగు కంటికి ఆనాలంటే ఉన్న కాస్త వెలుగూ మగ్గం మీద పడాలి. పిల్లలు ఉన్ని దువ్వేవాళ్లు, ఆడవాళ్లు వడికేవాళ్లు, మగవాళ్లు నేసేవాళ్లు. ఒక్క మగ్గానికి సరిపడా నూలు అందించడానికి నలుగురైదుగురు వడకాల్సి వచ్చేది. ఉన్నిలోని జిడ్డు పోగొట్టడానికి ఇంట్లోవాళ్ల మూత్రాన్ని తొట్టెల్లో దాచి వాడేవాళ్లు. తడి బట్టను బయట కొయ్య చట్రాలకు కొక్కేలతో బిగించి సాగదీసి ఆరబెట్టేవాళ్లు. చేనేత వాడల్లో పెరిగిన తెలుగువాళ్లకు ఇంట్లో ప్రతి ఒక్కరి చేతికీ పని ఉండే ఈ లెక్క కొత్తేమీ కాదు.

నేసిన తానులు అమ్ముకోవడానికి 16వ శతాబ్దం నడుమ ఊళ్లోనే ఒక క్లాత్ హాల్ కట్టారు. 1779 జనవరి 1న హాలిఫాక్స్‌లో పీస్ హాల్ తెరిచారు. పీస్ అంటే తాను. తానులు అమ్ముకోవడానికే 315 గదులు కట్టారంటే వ్యాపారం ఏ స్థాయిలో ఉండేదో ఊహించుకోవచ్చు. అంతకు ముందే, 1764లో, హెప్టన్‌స్టాల్‌లోని మెథడిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఎనిమిది పలకల ప్రార్థనాలయం కట్టుకున్నారు. గోడలు లేచి కప్పు ఇంకా పడకముందే ఆ శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ వచ్చి అందులో ప్రసంగించాడు. ఆ చాపెల్ ఇప్పటికీ నిలిచి ఉంది.

కష్టకాలం అదే దశకంలో ముంచుకొచ్చింది. 1760లలో బట్టల వ్యాపారం దెబ్బతింది. లోయకు అవతల క్రాగ్ వేల్‌లో డేవిడ్ హార్ట్‌లీ అనేవాడి ముఠా గినీలు అనే ఇంగ్లీషు బంగారు నాణేల అంచులు గొరిగి, ఆ రజను కరిగించి, పోర్చుగీసు నాణేల ముద్ర కొట్టడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో పోర్చుగీసు బంగారం ఇంగ్లండ్‌లో మామూలుగానే చెల్లేది. గొరగడానికి గినీలు ఇచ్చినవాళ్లకు కొంత లాభం ముట్టేది కాబట్టి చుట్టుపక్కల చాలామంది నోరు మెదపలేదు. 1769 నవంబరులో, ముఠాను వెంటాడుతున్న విలియం డైటన్ అనే ఎక్సైజ్ అధికారిని హాలిఫాక్స్‌లో కాల్చి చంపారు. 1770 ఏప్రిల్ 28న హార్ట్‌లీని యార్క్‌లో ఉరితీశారు. అతని సమాధి హెప్టన్‌స్టాల్ పాత చర్చి ఆవరణలోనే ఉంది. దానిమీద నాణేలు పెట్టి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకది అంత తేలిగ్గా తీసుకునే కథగా అనిపించదు. ఒక మనిషి ప్రాణం పోయింది. పని లేని మగ్గాల ముందు కూర్చున్న జనం ఏ గతికి వచ్చారో కూడా అందులోనే కనిపిస్తుంది.

అసలు మార్పు నీటితో వచ్చింది. 1800 ప్రాంతంలో హెబ్డెన్ వాగు ఒడ్డున గిబ్సన్ మిల్లు లేచింది. నీటి చక్రంతో నడిచే నూలు మిల్లు అది. 1833లో అక్కడ పనిచేసింది 21 మందే, కానీ ఒక్కొక్కరికీ వారానికి సగటున 72 గంటల పని. తర్వాత ఆవిరి వచ్చింది. ఆవిరికి బొగ్గు కావాలి, బొగ్గు రావడానికి చదునైన దారి కావాలి. రోచ్‌డేల్ కాలువ 1804లో పూర్తయింది. 1841కల్లా మాంచెస్టర్, లీడ్స్‌లను కలిపే రైలు లోయ గుండా నడిచింది. ఏ చిత్తడికి జడిసి పూర్వీకులు కొండెక్కారో, ఆ లోయ అడుగునే మిల్లులు, చిమ్నీలు, స్టేషన్ వెలిశాయి. నిన్నటిదాకా వంతెన దగ్గర నాలుగిళ్లుగా ఉన్న హెబ్డెన్ బ్రిడ్జ్ ఫస్టియన్ అనే మందపాటి నూలు బట్టకూ, దాంతో కుట్టే ప్యాంట్లకూ పేరుమోసింది. చోటు చాలక, ఏటవాలులో ఒక ఇంటి నెత్తిన ఇంకో ఇల్లు కట్టారు. కింది ఇంటికి వాకిలి కింది వీధిలో, పై ఇంటికి పై వీధిలో.

కొండమీద చేతిమగ్గం ఆ పోటీకి నిలవలేదు. పిల్లలు పొద్దున్నే బట్రెస్ దిగి మిల్లుకు పోయి, రాత్రికి ఎక్కి వచ్చే రోజులవి. 13వ శతాబ్దంలో మొదలైన పాత చర్చి 1847 గాలివానకు దెబ్బతింది. దాన్ని అలాగే వదిలేసి పక్కనే కొత్తది కట్టి 1854లో తెరిచారు. 1642లో పెట్టిన గ్రామర్ స్కూలు 1889లో మూతపడింది. ఇప్పుడది మ్యూజియం.

తర్వాత మిల్లుల వంతు. 1960ల నాటికి లోయలోనూ పని పోయింది, జనం వలసబాట పట్టారు. ఆ దశకంలోనే, 1963లో, లండన్‌లో చనిపోయిన అమెరికన్ కవయిత్రి సిల్వియా ప్లాత్‌ను ఇక్కడ పాతిపెట్టారు. ఆమె భర్త, కవి టెడ్ హ్యూస్ తల్లిదండ్రులు ఈ ఊళ్లో ఉండేవాళ్లు. ఆమె అభిమానులు ఇప్పటికీ వచ్చి సమాధి మీద పెన్నులు పెట్టి వెళ్తారు. రాయి మీది ‘హ్యూస్’ అన్న ఇంటిపేరును కొందరు చాలాసార్లు చెక్కేశారు కూడా. 1970లలో చవకగా దొరికే ఇళ్ల కోసం కళాకారులు, రచయితలు లోయకు చేరారు. ఆ తర్వాత రైల్లో లీడ్స్, మాంచెస్టర్‌లకు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు వచ్చారు. చవక రోజులు పోయాయి.

2015 డిసెంబరు 26న కాల్డర్ నది పొంగి హెబ్డెన్ బ్రిడ్జ్ వీధుల్లోకి వచ్చింది. క్రిస్మస్ మర్నాడు జనం దుకాణాల్లోంచి బురద ఎత్తిపోసుకున్నారు. 2012లోనూ వరద వచ్చింది, 2020లోనూ వచ్చింది. వరద వచ్చినప్పుడల్లా కొండమీది ఊరు పైనుంచి చూస్తుంది, దాని వీధుల్లోకి నది రాదు. మిల్లుల కోసం జనం దిగి ఇళ్లు కట్టుకున్నది 1555 నాటి నేతగాళ్లు కాపురానికి పనికిరాదనుకున్న నేల మీదే. పైన నేతగాళ్ల గదుల్లో ఇప్పుడు మగ్గాలు లేవు. వాళ్ల వెలుగు కోసం కట్టిన ఆ కిటికీల వరసే ఇవాళ ఇంటి ధర పెంచుతోంది.