క్యాప్చర్ కార్డు కొనేముందు: అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల కుర్రాళ్లకి కంప్యూటర్లు బిగించడం, స్ట్రీమింగ్ సెటప్ చేసిపెట్టడం నా పని. ప్లేస్టేషన్ ఆట యూట్యూబ్‌లో లైవ్ పెడతామంటూ వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నెలనెలా దాచుకున్న డబ్బుతో పనికిరాని కార్డు కొనేసి వస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. క్యాప్చర్ కార్డు చేసే పని ఒక్కటే: కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి ఆటల పెట్టె) నుంచి హెచ్‌డీఎంఐ తీగలో వచ్చే బొమ్మనీ శబ్దాన్నీ కంప్యూటరుకి అందించడం. అంతకు మించి దాని నుంచి ఏమీ ఆశించకండి.

అపోహ: ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఉందిగా, మళ్లీ కార్డెందుకు?

ఆ పోర్టు బొమ్మని బయటికి పంపడానికే. మామూలు ల్యాప్‌టాప్‌లో అది లోపలికి ఏమీ తీసుకోదు. అలాగని అందరికీ కార్డు కావాలనీ కాదు. పీఎస్4, పీఎస్5 నుంచి కంప్యూటరు లేకుండానే యూట్యూబ్‌కీ, ఆటల లైవ్‌లు చూపే ట్విచ్ సైటుకీ లైవ్ పెట్టొచ్చు. తెర మీద మీ సొంత బోర్డులు, రెండో కెమెరా, నచ్చినట్టు సీన్లు మార్చుకోవడం కావాలంటే అప్పుడు కార్డు కొనండి. నింటెండో స్విచ్ లైట్ ఉన్నవాళ్లు మాత్రం అసలు కొనకండి. దానికి బొమ్మ బయటికి వచ్చే దారే లేదు.

అపోహ: డబ్బా మీద 4కె అని ఉంది కాబట్టి 4కె రికార్డవుతుంది.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 1080పి అంటే 1920 × 1080 చుక్కల (పిక్సెళ్ల) బొమ్మ, 4కె అంటే దానికి నాలుగింతల చుక్కలు. డబ్బా మీద మూడు సంగతులు వేరువేరుగా చూడాలి: కార్డు లోపలికి ఎంత తీసుకుంటుంది, టీవీకి ఎంత దాటిస్తుంది, కంప్యూటరుకి ఎంత ఇస్తుంది. చవక డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న కార్డు) మీద పెద్ద అక్షరాల 4కె మొదటిదాని గురించి మాత్రమే. వెనకవైపు చిన్న అక్షరాల్లో చూస్తే కంప్యూటరుకి వెళ్లేది 1080పి, సెకనుకి 30 ఫ్రేములు అని ఉంటుంది.

కారణం లెక్కలోనే ఉంది. 1920 × 1080 బొమ్మ, సెకనుకి 60 ఫ్రేములు, పిక్సెల్‌కి 16 బిట్లు వేసుకుంటే సెకనుకి దాదాపు 199 కోట్ల బిట్లు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద మోయగలిగేదే 48 కోట్లు. ప్రధాన కాలువ నీళ్లని పంట బోదెలోకి వదిలినట్టే. అందుకని డాంగిల్ ప్రతి ఫ్రేమునీ జేపెగ్‌లా నొక్కి పంపుతుంది. ఎర్ర అక్షరాల అంచులు అలుక్కుపోయేదీ, చీకటి సీన్లలో గళ్లు కనబడేదీ అందుకే. యూఎస్‌బీ 3.0కి 500 కోట్ల బిట్ల దారి ఉంది, 1080పి 60 ఫ్రేములు నొక్కకుండానే పడతాయి.

ప్లగ్గు లోపల నీలం రంగు చూసి 3.0 అనుకోకండి. రంగు ఎవరైనా వేస్తారు. పాత రకం వెడల్పాటి ప్లగ్గయితే వెలుతురులో పెట్టి లోపలికి చూడండి. ముందు నాలుగు పొడుగాటి రేకులు, వాటి వెనక లోపలగా ఇంకో ఐదు చిన్నవి ఉండాలి. ఆ ఐదూ లేకపోతే అది 2.0యే. కొనేసినవాళ్లు ఓబీఎస్‌లో (లైవ్ పెట్టడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) ఆ కార్డు వీడియో ఫార్మాట్ల జాబితా తెరవండి. 1080పి 60కి ఎంజేపెగ్ (జేపెగ్‌లా నొక్కి పంపే పద్ధతి) ఒక్కటే కనబడితే సంగతి తెలిసిపోయినట్టే.

అపోహ: మంచి కార్డు పెడితే పాత కంప్యూటర్ మీద భారం తగ్గుతుంది.

ఆట నడిపే భారం కన్సోల్ మోస్తుంది, నిజమే. కానీ వచ్చిన బొమ్మని కుదించి నెట్‌లోకి పంపే ఎన్‌కోడింగ్ ఈరోజు దొరికే కార్డుల్లో చాలావాటికి చేతకాదు. అది మీ కంప్యూటరే చేయాలి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుంటే ఎన్‌వీఎన్‌క్, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే క్విక్‌సింక్ అనే ఎన్‌కోడర్ని ఓబీఎస్‌లో ఎంచుకోండి, ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది.

అపోహ: నల్ల తెర వస్తే కార్డు పోయినట్టే.

"అన్నా, బొమ్మ రావట్లేదు, మార్పించెయ్యనా?" అని ఫోన్లు వస్తుంటాయి. పీఎస్5 అయితే సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐలోకి వెళ్లి ఎనేబుల్ హెచ్‌డీసీపీ తీసేయండి. పీఎస్4లో అది సిస్టమ్ కిందే ఉంటుంది. హెచ్‌డీసీపీ అంటే బొమ్మ కాపీ కాకుండా పెట్టిన తాళం. తీసేశాక నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు నడవవు, సినిమా చూసేటప్పుడు మళ్లీ పెట్టుకోవాలి. పీఎస్3లో మాత్రం హెచ్‌డీఎంఐ మీద ఆ తాళం తీసే వీల్లేదు.

అపోహ: కార్డు పెడితే ఆట ఆలస్యమవుతుంది.

కంప్యూటర్ తెర చూస్తూ ఆడితే అవుతుంది. పాస్‌త్రూ (బొమ్మని నేరుగా టీవీకి దాటించే దారి) ఉన్న కార్డు తీసుకుని, టీవీ చూస్తూ ఆడండి. తేడా తెలియదు. వీడియోలో మీ గొంతు ముందు, తుపాకీ మోత వెనక వస్తుంటే ఓబీఎస్‌లో మైకుకి సింక్ ఆఫ్‌సెట్ మిల్లీసెకన్లలో సరిచేసుకోవచ్చు.

అపోహ: కంప్యూటరు డబ్బా లోపల బిగించే కార్డే గొప్పది.

ల్యాప్‌టాప్‌లో దాన్ని బిగించే చోటే ఉండదు, వాళ్లకి ఆ మాటే అక్కర్లేదు. 1080పి 60కి మంచి యూఎస్‌బీ 3.0 కార్డు చాలు.

అపోహ: కార్డు ఎంత ఖరీదైతే లైవ్ అంత బాగుంటుంది.

ట్విచ్‌లో 1080పి 60కి సూచించేది 6,000 కేబీపీఎస్, అంటే 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్. 4కె కార్డు కొన్నా చూసేవాళ్లకి చేరేది ఆ మేరకే. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ అంకె వదిలేసి అప్‌లోడ్ చూడండి. అవసరానికి రెండింతలైనా ఉండాలి, అదీ రాత్రి ఇంట్లో అందరూ ఫోన్లు పట్టుకున్న వేళ. మనవైపు ఎండాకాలం కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. కార్డులో మిగిల్చిన డబ్బుతో రూటర్‌కీ, ఫైబర్ డబ్బాకీ చిన్న యూపీఎస్ కొనండి. కంప్యూటర్ నుంచి రూటర్‌కి వైఫై బదులు తీగ లాగండి.