మొంబాసా ప్రయాణానికి రోజుల లెక్క

పిల్లలూ,

కెన్యా సముద్రతీరంలోని మొంబాసాకు వెళ్తున్నామని ఎగురుతున్నారట. ఈత బట్టలు, నల్ల కళ్లద్దాలు బయల్దేరే ముందురోజు కొన్నా సరిపోతుంది. అప్పటికప్పుడు కుదరనివి కొన్నున్నాయి, వాటి గురించే ఈ ఉత్తరం.

మొదట నెల చూసుకోండి. మనకు ఎండాకాలం సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే అక్కడ పెద్ద వానలు. హోటల్ గది చవగ్గా వస్తోందని అప్పుడు బుక్ చేస్తే కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాలి. సంక్రాంతి సెలవులు నయం: జనవరిలో 'కస్కాజీ' అనే ఈశాన్యపు గాలి వీస్తుంది, వానలు తక్కువ, నీళ్లు తేటగా ఉంటాయి.

ఇక ఎల్లో ఫీవర్ టీకా. తమాషా ఏమిటంటే, ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లను ఈ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు కెన్యా అడగదు. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే అడుగుతారు. ఆ జబ్బు మన దేశంలో లేదు కానీ దాన్ని మోసే దోమ ఇంటింటా ఉంది. అందుకే అంత గట్టి కాపలా. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. సూది వేసిన పది రోజులకు గానీ కార్డు చెల్లదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అలాంటిదే. అన్ని రోజులూ వేయకపోవచ్చు, కాబట్టి నెల ముందే కనుక్కోండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. తొమ్మిది నెలలు నిండని పాపాయికి వేయరు. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటిన తాతయ్య, నానమ్మ ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. ఎంఎంఆర్ వంటి టీకా ఏదైనా బాకీ ఉంటే ఆ మాటా చెప్పండి, రెంటికీ మధ్య నాలుగు వారాల ఎడం పెట్టాల్సి రావచ్చు.

మలేరియాకు టీకా కాదు, మాత్రలు. మన పాత క్లోరోక్విన్‌కు అక్కడి మలేరియా లొంగదు. అటోవాక్వోన్-ప్రోగువానిల్ అనే మాత్ర అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజూ అన్నంతోనో పాలతోనో వేసుకుని, ఇంటికొచ్చాక ఇంకో ఏడు రోజులు వాడాలి. పిల్లలకు మోతాదు బరువును బట్టి డాక్టరే రాస్తారు. చాలామంది ఇల్లు చేరగానే మానేస్తారు, తప్పంతా అక్కడే. ఆఖరి రాత్రి కుట్టిన దోమ వదిలిన క్రిమి ఆ వారంలోనే కాలేయంలో పెరుగుతుంది. వచ్చాక మూడు నెలల్లోపు జ్వరం తగిలితే 'ఆఫ్రికా వెళ్లొచ్చాం' అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. ఒంటికి ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఇంకాక దోమల మందు రాయాలి.

అమ్మ ఆవకాయ సీసాను రెండు క్యారీబ్యాగుల్లో చుట్టి ఇస్తుంది. వద్దనండి. 2017 నుంచి అక్కడ ఆ కవర్లు నిషేధం, జరిమానా కూడా గట్టిదే. గుడ్డసంచీ చాలు. ప్లగ్గులు చదరపు మూడు పిన్నులవి, అడాప్టర్ పెట్టుకోండి. వీసా అక్కర్లేదు కానీ ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి.

సముద్రం దగ్గర ఆటుపోట్లు చూసుకోండి. అక్కడ పోటుకూ ఆటుకూ తేడా ఒక్కోసారి మూడు మీటర్లు దాటుతుంది. ఆటు వేళ పగడపు దిబ్బ దాకా నేల బయటపడుతుంది, ఈతకు నీళ్లుండవు. నడవాలంటే రబ్బరు అడుగు ఉన్న బూట్లు ఉండాలి. రాళ్ల సందుల్లో నల్లటి ముళ్ల ప్రాణులుంటాయి, ముల్లు దిగితే పుటుక్కున లోపలే విరుగుతుంది.

పడవ టైము స్వాహిలీలో చెబితే ఇంకో చిక్కు. మన పూర్వులు ఘడియలను సూర్యోదయం నుంచి లెక్కపెట్టినట్టే వాళ్లు గంటలు లెక్కపెడతారు. 'సా టాటు' అంటే మాటకు మూడు గంటలు, గడియారంలో తొమ్మిది. పొద్దున తొమ్మిదికి పోటు మీదున్న పడవకోసం మీరు మధ్యాహ్నం మూడింటికి వెళ్తే, ఆ ఆరు గంటల్లో నీళ్లు వెనక్కి పోయి పడవ ఇసుకలో కూర్చుని ఉంటుంది.

మీ
పెదనాన్న