ఉమ్మెత్తను పెంచడం తేలికే, ఎక్కడ పెంచాలన్నదే అసలు లెక్క

వినాయక చవితి నాడు ‘హరసూనవే నమః’ అంటూ వేసే దత్తూర పత్రం ఉమ్మెత్తాకే. శివరాత్రికి పువ్వులూ కాయలూ కూడా శివుడికి పెడతారు. ఊళ్లలో అయితే పెంటదిబ్బ మీదో, పాడుబడిన గోడ పక్కనో దానంతటదే మొలుస్తుంది కాబట్టి పనిగట్టుకుని పెంచాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఉంటూ పూజకు కావాలని కొందరు, నల్ల ఉమ్మెత్తలో ఊదా రంగు ముద్ద పువ్వు చూసి మనసుపడి కొందరు కుండీల్లో వేసుకుంటున్నారు. తప్పేం లేదు, నిజంగానే అందమైన మొక్క. కాకపోతే దీని విషయంలో నీళ్లూ ఎరువూ చిన్న సంగతులు. ఏ మొక్కల పక్కన పెడుతున్నాం, కాయల్ని ఏం చేస్తున్నాం అన్నవే పెద్ద సంగతులు.

చిన్నవి ముందు కానిచ్చేద్దాం. మన తోటల్లో పెంచే తెల్ల ఉమ్మెత్త, నల్ల ఉమ్మెత్త ఎక్కువగా డాట్యూరా మెటెల్ జాతివే. పువ్వులు పైకి చూస్తాయి, కాయలకు ముళ్లో బుడిపెలో ఉంటాయి. పువ్వులు గంటల్లా కిందికి వేలాడుతున్నాయీ, కాయకు ముళ్లు లేవూ అంటే అది బ్రగ్‌మాన్సియా, దక్షిణ అమెరికా కొండల నుంచి వచ్చిన దగ్గరి చుట్టం. ఊటీ చలికి బాగుంటుంది గానీ మన మే నెల ఎండకు నిలబడటం కష్టం. విషం మాత్రం రెండింటికీ ఒకటే.

ఉమ్మెత్త గింజల్ని ఒక రాత్రి నానబెట్టి పైపైన మట్టి కప్పేస్తే చాలు, కానీ ఓపిక కావాలి, రెండు మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెల కూడా, పైగా అన్నీ ఒకేసారి మొలవవు. నాలుగైదు ఆకులు వచ్చాక వేళ్లు కదలకుండా మట్టిగడ్డతో సహా తీసి కనీసం 12 అంగుళాల కుండీలో పెట్టండి. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కాస్త ఇసుక, రోజుకు ఆరేడు గంటల ఎండ, అంతకంటే ఏమీ అడగదు. మధ్యాహ్నం ఆకులు వాలిపోతే కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి, సాయంత్రానికి వాటంతటవే లేస్తాయి. సాయంత్రం కూడా వాలే ఉంటే అప్పుడు పోయండి. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, పువ్వులు తగ్గుతాయి.

పువ్వు విచ్చుకోవడం చూడాలంటే చీకటిపడే వేళ కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మెలి తిప్పి చుట్టిన మొగ్గ సాయంత్రం విడుతుంది, రాత్రంతా వాసన వస్తుంది, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. ఇదంతా రాత్రి తిరిగే హాక్‌మాత్ అనే పెద్ద పురుగుల కోసం, గాల్లో నిలబడి పొడవాటి గొట్టం లాంటి నోటితో తేనె తాగే రకం. అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఒక ఉమ్మెత్త జాతి మీద పరిశోధన చేసినవాళ్లు తమాషా అయిన విషయం కనిపెట్టారు. అప్పుడే విచ్చుకున్న పువ్వు చుట్టూ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుందట, హాక్‌మాత్ దాన్ని పసిగట్టి ఏ పువ్వులో తేనె నిండుగా ఉందో తెలుసుకుంటుంది. ఆ పురుగే అదే మొక్క ఆకుల మీద గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆకుల్ని నమిలేస్తాయి. విషం వాటినేమీ చెయ్యదు.

మనల్ని మాత్రం చేస్తుంది. ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నిట్లోనూ హయోసయమిన్, స్కోపోలమిన్ అనే ఆల్కలాయిడ్లు ఉంటాయి. హయోసయమిన్‌కే కొద్దిగా మారిన రూపం అట్రోపిన్, పురుగుమందు తాగినవాళ్లకు ఆస్పత్రిలో ఎక్కించే ఇంజెక్షన్ అదే. చాలా రకాల పురుగుమందులు ఒంట్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని హద్దు మీరేలా చేస్తాయి, నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొనంత అవుతుంది. అట్రోపిన్ ఆ రసాయనం పనికి అడ్డుపడుతుంది. పురుగుమందు ఏమీ లేని ఒంట్లోకి ఇదే వెళ్తే అంతా తలకిందులు: నోరు పిడచకట్టుకుపోతుంది, చెమట ఆగి ఒళ్లు కాలిపోతుంది, పాపలు పెద్దవై చూపు మసకబారుతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుసుకుపోతుంది, లేనివి కనిపించి మనిషి గాల్లో ఏవో పట్టుకుంటూ మాట్లాడతాడు. అలాగని పురుగుమందుకు ఉమ్మెత్త విరుగుడు అనుకోకండి, ఒక్కో మొక్కలో, ఒక్కో ఆకులో మోతాదు ఒక్కోలా ఉంటుంది. కుక్క కరిస్తే ఉమ్మెత్త రసం తాగించే పాత నాటువైద్యం ఇంకా అక్కడక్కడా ఉంది, దాన్ని నేనస్సలు సమర్థించను. రేబిస్ టీకా ఉండగా విషం తాగించడమేమిటి?

ఇక ఎక్కడ పెట్టాలన్న సంగతి. ఉమ్మెత్త వంకాయ, టమాట, మిరప, బంగాళదుంప కుటుంబానిదే, అందుకే వాటి పురుగులూ తెగుళ్లూ చాలావరకు దీనికీ వస్తాయి. వంగ ఆకుల పచ్చదనం గీరి తినే అక్షింతల పురుగు, తెల్లదోమ, నల్లి, మొజాయిక్, ఆకుముడత వైరస్‌లు, అన్నీ దీని మీద కాపురం పెట్టి పక్క కుండీలకు పాకుతాయి. ఇంకో వింత ఏమిటంటే ఈ విషం తయారయ్యేది ప్రధానంగా వేళ్లలో, అక్కడి నుంచి పైకి వెళ్తుంది. ఉమ్మెత్త వేరు మీద టమాట కొమ్మ అంటుకడితే టమాటలోకి విషం చేరుతుందని ప్రయోగాల్లో తేలింది, అమెరికాలో అలాంటి టమాటలు తిని ఆస్పత్రి పాలైనవాళ్లూ ఉన్నారు. మొండి మొక్క కదా, వేరు గట్టిగా ఉంటుంది కదా అని మిద్దె తోటలో అంట్లు కట్టే ప్రయోగాలు దీనితో వద్దు.

అంతకంటే మామూలుగా జరిగే ప్రమాదం ఆకుకూరలతో. 2022 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో పాలకూర తిన్న చాలామందికి చూపు మసకబారి, భ్రమలు వచ్చి గగ్గోలయింది, చివరికి చూస్తే పాలకూర చేలో కలుపుగా మొలిచిన ఉమ్మెత్త జాతి ఆకులు కూరతోపాటే కోతలో వచ్చేశాయి. 2019లో ఉగాండాలో సాయంగా పంచిన పిండిలో ఇలాంటి మొక్కల గింజల విషమే కలిసి దాదాపు 300 మంది జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. కాబట్టి తోటకూర, పాలకూర మడికి వీలైనంత దూరంగా, పిల్లలకు అందని చోట పెట్టండి.

కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతులకు గ్లోవ్స్ ఉండాలి. రసం అంటిన వేలితో కన్ను నులుముకుంటే ఆ ఒక్క కంటిపాప పెద్దదై గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి అలాగే ఉంటుంది, మెదడులో ఏదో అయిందని ఇంటిల్లిపాదికీ టెన్షన్. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఉమ్మెత్త ముట్టుకున్నానని ముందే చెప్పండి, అనవసరమైన స్కానింగ్ తప్పొచ్చు. కత్తిరించిన కొమ్మల్ని కాల్చకండి, పొగలోనూ ఆ విషం ఉంటుంది. 1802 ప్రాంతంలో ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే వైద్యం మద్రాసు నుంచే బ్రిటన్‌కు వెళ్లింది, తర్వాత అక్కడ ఉమ్మెత్త సిగరెట్లు మందుల షాపుల్లో అమ్మారు! ఎవరైనా నమిలారని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేసి, ఆ కొమ్మనో కాయనో వెంట తీసుకెళ్లండి.

ఇంత తిట్టాక ఒక మంచి మాట చెప్పకపోతే అన్యాయం. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఒక ఉమ్మెత్త జాతి పువ్వులోని పుప్పొడి తిత్తుల్ని ల్యాబ్‌లో పెంచి, పుప్పొడి నుంచే మొక్కల్ని తెప్పించారు, మామూలుగా ఉండే 24 క్రోమోజోములకు బదులు 12 మాత్రమే ఉన్న మొక్కలు. వరి లాంటి పంటల్లో కొత్త రకాలు త్వరగా తయారు చెయ్యడానికి అదొక దారి చూపింది.

చివరగా కాయలు. ముళ్ల కాయ ఎండి పగిలేదాకా ఉంచితే వచ్చే ఏడు ప్రతి కుండీలోనూ ఉమ్మెత్తే. అమెరికాలో దీని చుట్టపు జాతి గింజల్ని భూమిలో పాతిపెట్టి 39 ఏళ్ల తర్వాత తీసి చూస్తే పదింట తొమ్మిది మొలిచాయి, అంటే ఒక్కసారి రాలితే మన తర్వాతి తరానికి కూడా కలుపు తీసే పని అప్పగించినట్టే. కాబట్టి పచ్చిగా ఉండగానే కోసెయ్యండి, విత్తనానికి ఒక్కటి చాలు. ఆ గింజల్ని డాబా మీద మిరపకాయలు ఎండే చోట ఆరబెట్టకండి, మిరప గింజలకూ వీటికీ ఎంత పోలిక అంటే మన ఫోరెన్సిక్ పుస్తకాల్లో రెండిటి తేడాలకు ప్రత్యేకంగా పట్టికే ఉంటుంది: ఉమ్మెత్తది కాస్త మందం, గోధుమ రంగు, పైన గుంటలు, కోస్తే ఘాటు ఉండదు. కవర్‌లో వేసి పైన పేరు రాసి, వంటింట్లో కాకుండా పనిముట్లు ఉండే చోట దాచుకోండి.