ఒకే నంబరు, రెండు ఇళ్లు

విజయనగరంలో ఒక ఆసుపత్రివాళ్లు పక్క బిల్డింగు కూడా తీసుకుని, రెంటికీ ఒకే లేయర్ త్రీ స్విచ్ (నెట్‌వర్కుల మధ్య దారి కూడా చూపే రకం) చాలని, నెట్‌వర్క్ పని చూసే నాతో అన్నారు. పాతదాంట్లో ల్యాబ్ మెషిన్ అడ్రస్ 192.168.1.50. కొత్తదాంట్లో కెమెరాల రికార్డర్‌దీ అదే. కేబుల్ కలిపిన పూటే ల్యాబ్ నుంచి ఫోన్: "రిపోర్టులు రావట్లేదు, నెట్టు పోనాదేటండీ?"

ఈ తంటాకి మూలం 1996లో ఉంది. ఇంటర్నెట్‌లో ఈ రకం అడ్రసులు, అంటే ఐపీవీ4 అడ్రసులు, మొత్తం 429 కోట్లే. అవి తరిగిపోతాయన్న భయంతో ఆ ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం మూడు అడ్రస్ బ్లాకుల్ని (192.168తో మొదలయ్యేది అందులో ఒకటి) ప్రైవేటు వాడకానికి వదిలేసింది. ఎవర్నీ అడగకుండా ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకున్నారు, అందరూ అవే. రౌటర్ డబ్బాలో వచ్చిన 192.168.1ని మార్చే ఓపిక ఎవరికుంది?

దెబ్బ ముందు తగిలింది టెలికాం కంపెనీలకి. ఇద్దరు కస్టమర్లవి ఒకే అడ్రసులైతే ఒక్క రౌటింగ్ టేబుల్ (ఏ అడ్రస్‌కి ఏ దారో చెప్పే పట్టిక) ఎలా సరిపోతుంది? అందుకే కస్టమర్‌కో టేబుల్: అదే వీఆర్‌ఎఫ్ (వర్చువల్ రౌటింగ్ అండ్ ఫార్వర్డింగ్). 1999 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2547 దీన్ని రాతలో పెట్టింది. అడ్రస్ ముందు 8 బైట్ల గుర్తు తగిలించి, ఎవరి రూటు ఎవరిదో తేల్చింది. ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా 101 ఉంటుంది, కొరియర్ కుర్రాడికి బిల్డింగు పేరు కూడా కావాలి కదా. తమాషా ఏంటంటే, దీన్ని రాసిన ఇద్దరిలో ఒకరైన యాకోవ్ రెక్టర్ పేరు ఆ 1918 మీదా ఉంది.

టెలికాం హంగులేవీ లేకుండా టేబుళ్లు విడగొట్టడం వరకే చేస్తే అది వీఆర్‌ఎఫ్ లైట్. నెట్‌వర్క్ పరికరాలు చేసే జునిపర్‌వాళ్లు దీన్నే రౌటింగ్ ఇన్‌స్టెన్స్ అంటారు. 2015లో లినక్స్ కెర్నల్ 4.3లోకీ వీఆర్‌ఎఫ్ వచ్చేసింది.

ఒకే స్విచ్‌ని లోపల వేరు వేరు నెట్‌వర్కులుగా విడగొట్టే వీల్యాన్లు వేరుచేస్తే చాలదా? నేనూ అదే అనుకున్నా. వీల్యాన్ 20కి అదే సబ్‌నెట్ (192.168.1 అడ్రసుల గుంపు) ఇవ్వబోతే, వీల్యాన్ 10తో 'ఓవర్‌ల్యాప్' అని స్విచ్ మొహం మీదే చెప్పేసింది. వీల్యాన్లు రెండైనా రౌటింగ్ టేబుల్ ఒక్కటే మరి.

సరే, ఇంట్లో కూర్చుని రిమోట్‌లోనే స్విచ్ ఇంటర్‌ఫేస్‌ని (ఒక నెట్‌వర్కు వైపున్న దాని కొసని) వీఆర్‌ఎఫ్‌లో వేశా. వేయగానే దాని మీదున్న ఐపీ అడ్రస్ చెరిగిపోతుంది. నేను లాగిన్ అయింది ఆ ఐపీతోనే! రాత్రి పదకొండింటికి స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ జేబులో పెట్టుకుని మూడు లాంతర్ల జంక్షన్ మీదుగా బండి తోలాల్సొచ్చింది. ఐపీ మళ్లీ కొట్టాక కూడా, అవతలి మెషిన్ అందుతోందో లేదో చూసే పింగ్ పోలేదు. పావుగంట వెతికితే తేలింది: పింగ్ కమాండ్‌లో వీఆర్‌ఎఫ్ పేరు రాయలేదు, అది పాత టేబుల్‌లోనే వెతుక్కుంటోంది.