టెంపరేచర్ చూశారు, తుపాకీ జోలికి పోలేదు

2020 ఏప్రిల్ 30. మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో శాసనసభ భవనం. లోపలికి వచ్చేవాళ్లకు పోలీసులు టెంపరేచర్ చూస్తున్నారు. జ్వరం లేకపోతే వెళ్లొచ్చు. వచ్చినవాళ్లలో చాలామందికి మాస్కు లేదు. కొందరి భుజానికి మాత్రం సైనికుల దగ్గర కనిపించేలాంటి రైఫిల్ వేలాడుతోంది. దాని జోలికి ఎవరూ పోలేదు. తుపాకీని పైకి కనిపించేలా పట్టుకుని తిరగడం ఆ రాష్ట్రంలో చట్టబద్ధం, అప్పట్లో అది శాసనసభ అయినా సరే. కాసేపటికి సెనేట్ గ్యాలరీలో తుపాకులు పట్టుకున్నవాళ్లు నిలబడి కేకలేస్తుంటే, కింద ఉన్న సభ్యుల్లో కొందరు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు తొడుక్కున్నారు. ఒక సెనేటర్ కింది నుంచి ఫోటో తీసి ట్విట్టర్‌లో పెట్టారు. తెల్లారేసరికి అది ప్రపంచమంతా తిరిగింది.

వాళ్ల కోపం గవర్నర్ గ్రెచెన్ విట్మర్ పెట్టిన లాక్‌డౌన్ మీద. అప్పటికి ఆ రాష్ట్రంలో కరోనా మరణాలు మూడున్నర వేలు దాటాయి. అంతకు రెండు వారాల ముందే అధ్యక్షుడు ట్రంప్ 'మిషిగన్‌ను విముక్తం చేయండి' అని ట్వీట్ చేశారు. వర్జీనియా గురించి పెట్టిన ట్వీట్‌లో అయితే తుపాకీ హక్కునే ప్రస్తావించి, దాన్ని కాపాడుకోమన్నారు. లాన్సింగ్ ఘటన మర్నాడు ఆయన సలహా ఇచ్చింది గవర్నర్‌కే: వీళ్లు మంచివాళ్లు, కోపంలో ఉన్నారు, మీరే కాస్త తగ్గండి అని.

అమెరికా బయట ఉన్నవాళ్లకు ఇదంతా పిచ్చిలా కనిపించింది. వైరస్‌ను తుపాకీతో కాలుస్తారా అన్న జోకు మన దగ్గరా నడిచింది. ఆ వేసవిలో ప్యూ సంస్థ 13 దేశాల్లో సర్వే చేస్తే, అమెరికా కరోనాను బాగా ఎదుర్కొందని చెప్పినవాళ్లు సగటున నూటికి 15 మందే. మిత్రదేశాల్లోనూ అంతే. కానీ పిచ్చి అనేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ రైఫిల్ శాసనసభ గ్యాలరీ దాకా ఎలా వచ్చిందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందు ఆ మార్చి నెల సంగతి. లాక్‌డౌన్ భయం మొదలుకాగానే ఒక్కో దేశంలో జనం ఒక్కోచోట లైను కట్టారు. నెదర్లాండ్స్‌లో గంజాయి అమ్మే కాఫీ షాపుల ముందు నిలబడ్డారు. మన దగ్గర మే 4న ఆంధ్రలో, 6న తెలంగాణలో మందు షాపులు తెరిచినప్పటి దృశ్యం ఎవరూ మర్చిపోయి ఉండరు. ఆంధ్రలో రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచినా లైను తరగలేదు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న కల్వర్ సిటీలో మార్చి మధ్యలో లైను ఉన్నది తుపాకుల షాపు ముందు. అమెరికాలో లైసెన్సున్న డీలర్ తుపాకీ అమ్మేముందు కొనేవాడి నేరచరిత్రను ఎఫ్‌బీఐ వ్యవస్థలో చూడాలి. ఆ మార్చిలో అలాంటి తనిఖీలు 37 లక్షలకు పైగా జరిగాయి. 2019 మొత్తానికి 2 కోట్ల 84 లక్షలు ఉంటే 2020లో 3 కోట్ల 97 లక్షలయ్యాయి. ఒక తనిఖీ అంటే ఒక తుపాకీ అని లెక్క కాదు. కొన్ని రాష్ట్రాల్లో పర్మిట్ రెన్యువల్స్ కూడా ఇందులోనే కలుస్తాయి. అయినా పెరుగుదల మాత్రం నిజం.

ఈ తనిఖీ వెనక కూడా ఒక కథ ఉంది, అందులో బయటి దేశం పాత్ర కొంత ఉంది. 1981లో అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రాడీ తలకు తూటా తగిలింది. ఆయన పేరుతో తనిఖీ చట్టం తేవడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ పోరాటం చివర్లో, 1992 అక్టోబర్‌లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో 16 ఏళ్ల జపాన్ విద్యార్థి ఒకడు హాలోవీన్ పార్టీకి వెళ్తూ పొరపాటున వేరే ఇంటి ముందుకు వెళ్లాడు. ఇంటాయన తుపాకీ ఎత్తి 'ఫ్రీజ్' అన్నాడు. కదలొద్దు అని దానర్థం. పిల్లాడికి ఆ మాట తెలియదు. ముందుకే నడిచాడు. కాల్చిన మనిషిని జ్యూరీ నిర్దోషి అంది. జపాన్‌లో 16 లక్షలకు పైగా జనం సంతకాలు చేస్తే, తల్లిదండ్రులు వాటిని తీసుకెళ్లి అధ్యక్షుడు క్లింటన్‌ను కలిశారు. 1993 నవంబర్‌లోనే బ్రాడీ చట్టం మీద ఆయన సంతకం పెట్టారు. జపాన్ సంతకాల వల్లే చట్టం వచ్చిందనడం ఎక్కువ అవుతుంది. కానీ అమెరికా తుపాకీ గురించి బయటివాళ్లు నోరు విప్పడం సోషల్ మీడియాతో మొదలవలేదు.

చట్టంలో ఒక సందు మాత్రం మిగిలింది. మూడు పనిదినాల్లో ఎఫ్‌బీఐ జవాబు చెప్పకపోతే డీలర్ తుపాకీ ఇచ్చేయొచ్చు. 2015లో చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడి చేతికి తుపాకీ అలాగే వచ్చింది.

మళ్లీ 2020కి వద్దాం. లాస్ ఏంజెలెస్ షెరీఫ్ తుపాకుల షాపులు నిత్యావసరం కాదని మూసేయమన్నారు. మార్చి 28న కేంద్ర ప్రభుత్వపు హోంలాండ్ సెక్యూరిటీ విభాగం అత్యవసర సేవల జాబితాను సవరించి తుపాకుల తయారీదారులను, అమ్మకందారులను, ఆఖరికి షూటింగ్ రేంజిలను కూడా అందులో చేర్చింది. రెండు రోజులకు షెరీఫ్ వెనక్కి తగ్గారు. అది సలహా జాబితా మాత్రమే, రాష్ట్రాలు పాటించి తీరాలని లేదు. అయినా ఆసుపత్రి, కిరాణా, మందుల షాపు సరసన తుపాకుల షాపు చేరడం చూసి బయటి పత్రికలు నోరెళ్లబెట్టాయి.

లైనులో నిలబడ్డవాళ్ల వైపు నుంచి చూస్తే సంగతి కాస్త మారుతుంది. ఫిలడెల్ఫియా లాంటి నగరాల్లో చిన్న నేరాలకు అరెస్టులు వాయిదా వేస్తామని పోలీసులే ప్రకటించారు. ఖైదీలను ముందుగా వదులుతున్నారు. 'చైనా వైరస్' అన్న మాట వినీ వినీ ఆసియా మూలాలున్నవాళ్లకు వీధిలోకి వెళ్లాలంటే టెన్షన్. మొదట కొన్నవాళ్లలో వాళ్లు గట్టిగానే ఉన్నారు. 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ దాకా దాదాపు 75 లక్షల మంది జీవితంలో తొలిసారి తుపాకీ కొన్నారని ఒక అధ్యయనం తేల్చింది. అందులో సుమారు సగం మంది ఆడవాళ్లు, అయిదో వంతు నల్లజాతివాళ్లు. టోపీ పెట్టుకుని ట్రక్కు నడిపే తెల్లవాడి బొమ్మ ఒక్కటే మన మనసులో ఉంటే ఈ లెక్క మింగుడు పడదు.

పోలీసులు వస్తారన్న నమ్మకం అక్కడ చట్టంలోనే పలుచన. కొలరాడోలో ఒకామె, భర్త దగ్గరికి రాకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది. అతను ముగ్గురు ఆడపిల్లలను ఎత్తుకుపోతే పోలీసులకు మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది. పట్టించుకోలేదు. పిల్లలు శవాలై దొరికారు. 2005లో సుప్రీంకోర్టు, ఆ ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలనే హక్కు ఆమెకు రాజ్యాంగపరంగా లేదని 7-2 తో తేల్చింది. ఇలాంటి తీర్పు ఉన్న దేశంలో 'నన్ను నేనే కాపాడుకోవాలి' అనే మాటకు బలం ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

అయితే తుపాకీ హక్కు మొదటి నుంచీ ఇదే రూపంలో ఉందనుకుంటే పొరపాటు. అమెరికా రాజ్యాంగానికి 1791లో వచ్చిన రెండో సవరణ ఒకే ఒక్క వాక్యం. అది మొదలయ్యేదే 'క్రమబద్ధమైన మిలీషియా' అంటూ. స్వేచ్ఛా రాష్ట్ర భద్రతకు అలాంటి పౌర దళం అవసరం కాబట్టి ప్రజలు ఆయుధాలు ఉంచుకునే హక్కును భంగపరచకూడదు అని ఉంటుంది. హక్కు దళానిదా, మనిషిదా? ఒక మనిషి సొంత రక్షణకు తుపాకీ ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టు తొలిసారి స్పష్టంగా చెప్పింది 2008లో, హెల్లర్ కేసులో, అదీ 5-4 తేడాతో. సవరణ వచ్చిన 217 ఏళ్లకు. 'మా తాతల నాటి హక్కు' అని లాన్సింగ్‌లో అరిచినవాళ్లకు ఆ తీర్పు వయసు అప్పటికి పన్నెండేళ్లే.

తుపాకీ హక్కుల కోసం పట్టుబట్టే ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) కూడా పుట్టగానే రాజకీయ శక్తి కాదు. అంతర్యుద్ధంలో తమ సైనికులకు గురి సరిగా లేదని బాధపడ్డ ఉత్తరాది అధికారులు 1871లో పెట్టిన గురి నేర్పే సంఘం అది. 1963లో కెనెడీ హత్యకు వాడిన రైఫిల్ పోస్టులో తెప్పించుకున్నదే, దాని ప్రకటన వచ్చింది ఎన్‌ఆర్‌ఏ పత్రికలోనే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యల తర్వాత పోస్టు అమ్మకాలను ఆపుతూ చట్టం వచ్చింది. 1977లో సిన్సినాటిలో జరిగిన సమావేశంలో కఠినవాదులు రాత్రికి రాత్రి నాయకత్వాన్ని దించేసి సంఘాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు మనం చూస్తున్న ఎన్‌ఆర్‌ఏ ఆ రాత్రి పుట్టింది.

లాన్సింగ్ దృశ్యం కూడా కొత్తది కాదు. 1967 మే 2న కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి సంఘం వాళ్లు 30 మంది తుపాకులతో శాసనసభలోకి నడిచారు. అప్పటికి అది నేరం కాదు. నింపిన తుపాకీతో బహిరంగంగా తిరగకూడదనే బిల్లుకు నిరసనగానే వాళ్లు వచ్చారు. కొద్ది నెలల్లో ఆ బిల్లు చట్టమైంది. సంతకం పెట్టిన గవర్నర్ రొనాల్డ్ రీగన్, తర్వాతి రోజుల్లో తుపాకీ హక్కుల వాదులకు ఆరాధ్యుడు. తుపాకీ నల్లవాడి చేతిలో ఉన్నప్పుడు చట్టం అంత వేగంగా కదిలింది.

మిగతా ఇంగ్లిషు దేశాలు వేరే దారి పట్టాయి. 1996 మార్చిలో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది పిల్లలు, వాళ్ల టీచరు చనిపోతే బ్రిటన్ మరుసటి ఏడాదికల్లా హ్యాండ్‌గన్లు నిషేధించింది. ఆ ఏప్రిల్‌లోనే ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మందిని చంపితే, అక్కడి సంప్రదాయవాద ప్రధాని జాన్ హోవర్డ్ సుమారు ఆరున్నర లక్షల తుపాకులను జనం దగ్గర కొనేసి ధ్వంసం చేయించారు. అమెరికాలో 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు పోయాక, తనిఖీలను విస్తరించే బిల్లుకు సెనేట్‌లో 54 ఓట్లు వచ్చాయి. ఓడిపోయింది. అలాంటి బిల్లు అక్కడ ముందుకు కదలాలంటే 60 కావాలి. దాదాపు నాలుగు కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ, ఆరు లక్షలైనా లేని వయోమింగ్‌కూ సెనేట్‌లో చెరి రెండు సీట్లే. 'ఎందుకు నిషేధించరు' అని మనం అడిగే ప్రశ్నకు జవాబు సగం ఈ లెక్కలోనే ఉంది.

కరోనా కాలంలోనే కెనడా ఈ తేడాను మళ్లీ చూపించింది. 2020 ఏప్రిల్ 18, 19 తేదీల్లో నోవాస్కోషియాలో పోలీసు యూనిఫాం వేసుకున్న ఒకడు 22 మందిని చంపాడు. వాడి తుపాకులు కొన్ని సరిహద్దు దాటి అమెరికా నుంచి వచ్చినవి. మే 1న, అంటే లాన్సింగ్ గ్యాలరీ ఫోటో తిరుగుతున్న రోజే, ప్రధాని ట్రూడో దాదాపు 1,500 రకాల సైనిక తరహా తుపాకులను నిషేధించారు. జింకను కొట్టడానికి ఏఆర్-15 రైఫిల్ అక్కర్లేదన్నారు. ఆ తుపాకులను వెనక్కి కొనే పథకం తర్వాత ఏళ్ల తరబడి నానింది, అది వేరే విషయం.

మన చూపు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. మనకు తుపాకీ అంటే సర్కారుది. 1878లో లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుల చేతుల్లోంచి దాన్ని లాగేసుకుంది. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. ఆ కోపంతోనే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఆయుధం ఉంచుకునే హక్కును, నిబంధనలకు లోబడి, ప్రాథమిక హక్కుల్లో రాసుకున్నారు. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో పెట్టమంటే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. చివరికి మన 19వ అధికరణంలో మిగిలింది 'శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా' సమావేశమయ్యే హక్కు. తెల్లదొరలను వెళ్లగొట్టిన రెండు దేశాల్లో ఒకటి ఆయుధాన్ని హక్కుగా రాసుకుంటే, రెండోది ఆయుధం లేకపోవడాన్ని షరతుగా రాసుకుంది. మన దగ్గర ఎన్నికల నోటిఫికేషన్ వస్తే చాలు, లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. 2020 అక్టోబర్‌లో మిషిగన్ అధికారులు పోలింగ్ బూత్‌ల దగ్గర తుపాకులు కనిపించకూడదని ఆదేశిస్తే, అలా ఆదేశించే అధికారం మీకు లేదని జడ్జి ఆపేశారు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇది చరిత్ర పాఠం కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథేలో, ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న తెలుగు ఇంజినీర్‌ను 'మా దేశం నుంచి పొండి' అంటూ ఒకడు కాల్చి చంపాడు. ఆ తర్వాత ఇక్కడి ఇళ్ల నుంచి వెళ్లే ప్రతి వీడియో కాల్‌లో ఓ జాగ్రత్త చేరింది.

2020లో అమెరికాలో తుపాకీ మరణాలు 45,222. అందులో సగానికి పైగా, 24 వేలకు పైన, ఆత్మహత్యలు. బయటి దేశాల వార్తల్లో ఇవి దాదాపు రావు, గ్యాలరీలో రైఫిల్‌లా ఫోటోకు దొరకవు కాబట్టి. హత్యలు ఒక్క ఏడాదిలో 30 శాతం దాకా పెరిగాయి.

ఆ అక్టోబర్ 8న, గవర్నర్ విట్మర్‌ను కిడ్నాప్ చేయడానికి కుట్ర పన్నారని కొందరిని అరెస్టు చేసినట్టు ప్రకటించారు. 2021 జనవరి 11న, వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మీద దాడి జరిగిన అయిదు రోజులకు, లాన్సింగ్ భవనాన్ని చూసుకునే కమిషన్ కూర్చుని అక్కడ తుపాకీ పైకి కనిపించేలా తేవడాన్ని నిషేధించింది. లైసెన్సు ఉండి, చొక్కా కింద దాచుకుని వస్తే మాత్రం 2023 దాకా లోపలికి పోగలిగేవారు.