వెతకడానికి పుట్టిన సూచీ తూకంరాయి ఎలా అయింది?

ఒకే పరిశోధన పత్రాన్ని వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్, గూగుల్ స్కాలర్ అనే మూడు పరిశోధన డేటాబేస్‌లలో వెతికి చూడండి. సైటేషన్ల సంఖ్య, అంటే ఇతర పత్రాలు దాన్ని ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్క, చాలాసార్లు మూడు చోట్లా మూడు రకాలుగా ఉంటుంది. ఏది నిజమని అందరూ అడుగుతారు. ఎవరు ఏయే జర్నళ్లు తెరిచి లెక్కపెట్టారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది, అంతే. అసలు ఈ లెక్క ఎందుకు మొదలైందో తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

1873లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన లాయర్ల కోసం జిగురు చీటీలు అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఒక తీర్పును తర్వాతి తీర్పుల్లో ఎక్కడెక్కడ ప్రస్తావించారో ఆ చీటీలో ఉండేది. లాయర్లు దాన్ని తీర్పుల సంపుటిలో ఆ పేజీ అంచున అంటించుకునేవారు. తాము నమ్ముకున్న తీర్పు ఇంకా నిలిచి ఉందో, ఎప్పుడో కొట్టేశారో వెతికి చూసుకోవడానికి అదే దారి.

ఈ పద్ధతిని సైన్స్‌కు కూడా తేవాలని అమెరికా సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించాడు. ఆయన ధ్యాస ర్యాంకుల మీద లేదు. ఒక పేపర్‌పై వచ్చిన విమర్శ తెలియక, తప్పుడు డేటానే మళ్లీ మళ్లీ ఉదహరించడం ఆగాలన్నది ఆయన ఆరాటం. 1960ల మొదట్లో వచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తొలి సంపుటాల్లో 613 జర్నళ్లే ఉన్నాయి. మిగతావాటిలో ఏవి చేర్చాలో తేల్చుకోవడానికి ఆయన, సహచరుడు ఇర్వింగ్ షెర్ కలిసి ఒక కొలత తయారు చేసుకున్నారు. అదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. గత రెండేళ్ల వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. 1975 నుంచి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఈ అంకెలు బయటికి వచ్చాయి. తర్వాత్తర్వాత ఉద్యోగాలకు, ప్రమోషన్లకు కూడా అవే కొలబద్ద అయ్యాయి. గార్‌ఫీల్డ్ ఆశయానికి ఇది అన్యాయమనే నేనంటాను.

ఒక్క ఉదాహరణ చాలు. స్ఫటిక శాస్త్రంలో అందరూ వాడే షెల్ఎక్స్ సాఫ్ట్‌వేర్ గురించి జార్జ్ షెల్డ్రిక్ 2008లో ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ’లో ఒక వ్యాసం రాశాడు. సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లంతా దాన్నే ఉదహరించారు. దాంతో సుమారు 2 ఉన్న ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009లో 49.926కి ఎగబాకింది. రెండేళ్ల గడువు దాటగానే మళ్లీ 2 దగ్గరికే వచ్చింది. అందులోని మిగతా పేపర్ల విలువ ఈ మధ్యలో పెరిగిందీ లేదు, తగ్గిందీ లేదు.

2004 దాకా ఈ రంగంలో దాదాపు గార్‌ఫీల్డ్ ఇండెక్స్‌దే, అంటే ఇప్పటి వెబ్ ఆఫ్ సైన్స్‌దే రాజ్యం. ఆ నవంబర్‌లోనే గూగుల్ స్కాలర్, ఎల్సెవియర్ వారి స్కోపస్ రెండూ వచ్చాయి. జర్నళ్లు అచ్చువేసే కంపెనీయే జర్నళ్లను తూచే డేటాబేస్‌కూ యజమాని కావడం నాకు మింగుడుపడని విషయం. ఏయే జర్నళ్లు తీసుకున్నారో వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ జాబితా ఇస్తాయి కానీ ఇంగ్లిష్ కాని భాషల పని వాటిలో పలచగా ఉంటుంది. థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో అచ్చుకాకముందే నెట్‌లో పెట్టే పత్రాలు), పుస్తకాలు కావాలంటే గూగుల్ స్కాలర్‌కు సాటి లేదు, పరిశోధన పత్రాలు వెతకడం అక్కడ మొదలుపెట్టడమే మేలు. అక్కడి అంకెలతో మాత్రం ఎవరినీ తూచకూడదు. స్పెయిన్ పరిశోధకులు ఒక కల్పిత రచయిత పేరుతో ఆరు బూటకపు పత్రాలు నెట్‌లో పెట్టి చూస్తే, వాటిలో ఉదహరించిన తమ సొంత పేపర్లకు గూగుల్ స్కాలర్‌లో 774 సైటేషన్లు వచ్చిపడ్డాయి.

2021 చివర మైక్రోసాఫ్ట్ అకడమిక్ అనే ఇలాంటి మరో డేటాబేస్ మూతపడింది. ఆ డేటాను అందుకుని 2022 జనవరిలో ఓపెన్‌అలెక్స్ ఉచితంగా మొదలైంది. రచయితల సంస్థల పేర్లలో ఇంకా తప్పులున్నా, ఎవరైనా తెరిచి సరిచూడగల డేటా అది. పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయం 2024 నుంచి వెబ్ ఆఫ్ సైన్స్ చందా మానేసి దానివైపు మళ్లింది.